రెండో తరగతి బాబుని ‘స్పెషల్ స్కూల్లో వేయండి’ అంటున్నారు. భవిత సెంటర్ ఉన్న సర్కారు బడికి మార్చొచ్చా?

ఖమ్మం_సుధ (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా బాబుకి ఏడేళ్లు నిండాయి, రెండో తరగతి. ఊళ్లోనే ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడి. మాటలకేం లోటు లేదు, రాత్రి కథ చెబితే పొద్దున్నే పూసగుచ్చినట్టు తిరిగి చెప్తాడు. చదవడం, రాయడం దగ్గరే వస్తోంది ఇబ్బంది. తెలుగులో ఇంకా గుణింతం దాటలేదు. ఒత్తు కనిపిస్తే దాన్ని వదిలేసి చదువుతాడు, ‘అమ్మ’ని ‘అమ’ అంటాడు. బోర్డు మీదది నోట్సులోకి ఎక్కించేలోపు బెల్లు కొట్టేస్తారు.

పోయిన వారం ప్రిన్సిపల్ పిలిచి, “ఇలాంటి పిల్లలకి మా దగ్గర టీచర్లు లేరు. క్లాసులో బాబు పక్కనే కూర్చునే షాడో టీచర్‌ని పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోవాలి. లేదంటే ఏప్రిల్‌లో టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వేయండి” అన్నారు. పిల్లల డాక్టరేమో లెర్నింగ్ డిజబిలిటీ అనిపిస్తోంది, ఎనిమిదేళ్లు నిండాక పరీక్షలు చేయిద్దాం అన్నారు.

మా మండలంలో హైస్కూల్ ఆవరణలో భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంది. దాని పక్కనే ప్రైమరీ స్కూల్. అక్కడికి మార్చేస్తే ఎలా ఉంటుంది? ఇంట్లో మా అత్తయ్య “సర్కారు బడా?” అని రెండ్రోజులుగా ముభావంగా ఉన్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

శీను_మిర్యాలగూడ

అక్కా, నా అనుభవం చెప్తా. మా పెద్దోడికి మేధో వైకల్యం. మామూలు బడిలో నాలుగేళ్లు వెనక బెంచీలో కూర్చోబెట్టారు. హాజరు పడేది, పై క్లాసుకి పంపేవాళ్లు, చదువు మాత్రం సున్నా. స్పెషల్ స్కూల్లో వేశాక చొక్కా గుండీలు పెట్టుకోవడం, షాపులో చిల్లర లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. ‘ఇన్‌క్లూజన్’, అంటే అందరు పిల్లలూ ఒకే బడిలో అని మీటింగుల్లో చెప్పేవాళ్ల పిల్లలెవరూ ఆ వెనక బెంచీలో లేరు. ఎక్కడ నేర్పిస్తే అక్కడ వేయండి.

చట్టం_చదివా

సుధ గారూ, ముందు ఒక్క విషయం. టీసీ ఇవ్వమని మీరు రాసివ్వకండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బడీ పిల్లాణ్ని బయటికి పంపకూడదు. 2019లో ఆ సెక్షన్‌ని సవరించి 5, 8 తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు రాష్ట్రాలకి ఇచ్చారు కానీ, బయటికి పంపకూడదన్న మాట అలాగే ఉంది. అందుకే ఏ బడీ ‘పంపించేస్తున్నాం’ అని కాగితం మీద రాయదు. మీ చేతే టీసీ అడిగిస్తారు.

రెండోది వికలాంగుల హక్కుల చట్టం, 2016. అక్కడా 16వ సెక్షనే, కాకతాళీయం. ప్రభుత్వ నిధులు తీసుకునే బడులకే కాదు, గుర్తింపు ఉన్న ప్రతి బడికీ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలి, చదవడం రాయడంలో ఇబ్బందిని వీలైనంత త్వరగా గుర్తించి బోధనలో తగిన మార్పులు చేయాలి అని అందులో ఉంది. కాబట్టి ‘మా దగ్గర టీచర్లు లేరు’ అన్నది వాళ్లు తీర్చుకోవాల్సిన లోటు. ఆ పేరుతో మీ బాబుని పంపేయడం కుదరదు.

షాడో టీచర్ మాటా, టీసీ మాటా మెయిల్‌లో రాసి పంపమని అడగండి. రాయరు. రాయకపోతే ‘ఫలానా రోజు మీరు ఇలా అన్నారు’ అని మీరే మర్యాదగా మెయిల్ పెట్టండి. తర్వాత డీఈఓ దగ్గరికో, రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికో వెళ్లాల్సి వస్తే ఆ మెయిలే మీ చేతిలో ఉండే ఆధారం.

శీను_మిర్యాలగూడ

చట్టం బాగుంది బ్రదర్. కేసు గెలిచి అదే క్లాసులో కూర్చుంటే ఆ టీచర్ ఆ పిల్లాడి వంక ఎలా చూస్తుందో అదీ చెప్పండి.

చట్టం_చదివా

నిజమే, కాదనను. కానీ వెళ్లడమా, ఉండడమా అన్నది తల్లిదండ్రులు నిర్ణయించుకోవాలి. ప్రిన్సిపల్ కాదు.

పంతులు_వరంగల్

నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని. సర్కారు బడి గురించి గొప్పలు చెప్పను, తిట్టను. ఉన్నది చెప్తా.

మా బడిలో ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. నేను ఒకటి, రెండు కలిపి చూస్తా. బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ రికార్డు యూడైస్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల గడి ఉంటుంది. అందులో టిక్ పడితే బిడ్డ లెక్కలోకి వస్తాడు. పాఠం అందడానికి ఆ టిక్ చాలదు. మేం బీఈడీలోనో, డీఎడ్‌లోనో చదివింది ఒక పేపర్. తర్వాత ఐదారు రోజుల శిక్షణ, చాయ్, సమోసా, సర్టిఫికెట్. అంతే.

అయినా ఒకటి పనికొచ్చింది. 2022లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైనప్పట్నుంచి పిల్లల్ని తరగతిని బట్టి కాక, స్థాయిని బట్టి గుంపులు చేస్తున్నాం. అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒక గుంపు, పదాల దగ్గరున్నవాళ్లు ఇంకో గుంపు. మీ బాబులాంటి పిల్లవాడు ఆ గుంపులో వింతగా కనిపించడు, అక్కడ ఇంకో నలుగురుంటారు. ప్రైవేటులో సిలబస్ వెంట పరుగు. పేజీ 40 అంటే 40.

మా క్లాసులో ఒక పాప ఉంది. అచ్చం మీరు చెప్పినట్టే. పరీక్షలో ప్రశ్న నేనే చదివి వినిపిస్తా, నోటితో చెప్పిన జవాబు నేను రాసుకుంటా. పరిసరాల విజ్ఞానంలో ఆ పాపే క్లాస్ ఫస్ట్. దీనికి నాకు జీవో ఏమీ అక్కర్లేకపోయింది.

లత_స్పెషల్ఎడ్

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. సుధ గారూ, ‘రిసోర్స్ రూమ్ (ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే గది) ఉంది’ అనే బడి దొరికితే అన్నీ తీరిపోతాయనుకోకండి. మా బడిలో నర్సరీ నుంచి పదో తరగతి దాకా నేనొక్కదాన్నే. సీబీఎస్‌ఈ అడుగుతుంది కాబట్టి నన్ను పెట్టుకున్నారు. నా ఆర్‌సీఐ నంబర్ (స్పెషల్ ఎడ్యుకేటర్ల రిజిస్ట్రేషన్) బడి వెబ్‌సైట్‌లో ఉంటుంది, నేను రోజూ పరీక్షల డ్యూటీలోనో, రానివాళ్ల బదులు సబ్‌స్టిట్యూషన్‌లోనో ఉంటాను.

పిల్లాణ్ని లెక్కల పీరియడ్‌లో నా దగ్గరికి పంపుతారు. నేను చదవడం నేర్పుతా. వాడు తిరిగి వెళ్లేసరికి అక్కడ కూడికలు అయిపోయి తీసివేతలు నడుస్తుంటాయి. చదవడంలో వెనకబడ్డాడని పంపితే లెక్కల్లో కూడా వెనకబడి వస్తాడు. ఈ సంగతి ఏ పేరెంట్ మీటింగులోనూ చెప్పరు. అందుకే అడగాల్సింది ‘రిసోర్స్ రూమ్ ఉందా’ అని కాదు. ‘మావాడు అక్కడికి వెళ్లిన గంటలో క్లాసులో పోయిన పాఠం ఎవరు చెప్తారు’ అని అడగండి.

ఇక షాడో టీచర్. ఎక్కువమందికి శిక్షణ ఉండదు. పక్కన కూర్చుని పెన్సిల్ పట్టిస్తారు, బదులు రాసేస్తారు. రెండు నెలలు తిరిగేసరికి క్లాస్ టీచర్ ఆ బెంచీ వైపు చూడటం మానేస్తుంది. మీ బాబుకి షాడో అవసరమే లేదు, నా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నా.

విజయవాడ_నాన్న

లత గారూ, అందరికీ ఒకే మాట చెప్పకండి. మా అమ్మాయికి ఆటిజం. మొదటి మూడేళ్లు షాడో టీచర్ లేకపోతే క్లాసులో నిలబడేదే కాదు. ఆవిడ డిగ్రీ చదివిన ఆవిడే, శిక్షణ మా థెరపిస్టు ఇచ్చారు. ఎప్పుడు పక్కనుండాలో, ఎప్పుడు గుమ్మం బయటికి వెళ్లి నిలబడాలో రాసిపెట్టుకునేవాళ్లం. నాలుగో తరగతికి మానిపించేశాం. డబ్బు బాగానే అయింది, ఆ బాధ వేరే.

లత_స్పెషల్ఎడ్

గుమ్మం బయటికి వెళ్లే షాడో అయితే నేనే చేతులెత్తి దండం పెడతా. నేను చూసినవాళ్లు వెళ్లరు.

విజయవాడ_నాన్న

ఒప్పుకున్నా. ఇంకోటి, పరీక్షల సంగతి. అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, సీబీఎస్‌ఈ. గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌ని పెట్టుకోవచ్చు. మూడో భాష మినహాయింపు తీసుకున్నాం. ఇవన్నీ సర్టిఫికెట్ ఉంటేనే, అదీ బడి ద్వారా పెట్టుకుంటేనే. మా స్నేహితుడి కొడుక్కి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఒక్కటే. 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు లేదు. వాళ్లు చాలా తిరిగారు పాపం. సుధ గారూ, డాక్టర్ ఏ పేరు రాస్తున్నారో గమనించండి.

రిసోర్స్_మేడమ్

ఇప్పుడే చూశాను. నేను ఒక మండలంలో ఐఈఆర్‌పీని, అంటే భవిత సెంటర్ నడిపే మనిషిని. ఊరి పేరు అడగొద్దు.

సుధ గారూ, భవిత అంటే ఏంటో ముందు తెలుసుకోండి, లేకపోతే వచ్చి నిరాశపడతారు. అదో గది. కింద మ్యాట్లు, ఒక పక్క ఫిజియో పరికరాలు, గోడకి బొమ్మలు. పొద్దున వచ్చే పిల్లల్లో ఎక్కువమంది సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఆటిజం, వినికిడి లోపం ఉన్నవాళ్లు. ఫిజియోథెరపిస్టు వారానికి ఒక రోజు వస్తారు. మంచం దిగలేని పిల్లలుంటారు, వాళ్ల ఇళ్లకి నేనే శనివారం వెళ్తా. వచ్చే పిల్లలకి రవాణా భత్యం, తోడొచ్చే అమ్మలకి ఎస్కార్ట్ అలవెన్స్ ఉంటాయి. ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలల స్టైపెండ్. ఆలస్యంగా పడతాయి, పడతాయి. కృత్రిమ అవయవాలు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు కావాలంటే వాటిని తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపు పెట్టినప్పుడు కొలతలు తీసుకుని తర్వాత ఇస్తారు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ బాబు రోజంతా ఆ గదిలో కూర్చోవాల్సిన బిడ్డ కాదు. కూర్చోబెడితే నష్టం. వాడు తరగతిలో ఉండాలి, నేను వారంలో కొంతసేపు తీసుకుని చదవడం మీద పనిచేయాలి, ఆ చేసింది క్లాస్ టీచర్‌కి చెప్పాలి. ఈ మూడోది జరగాలంటే పక్కనే ఉన్న బడి అయితే నడిచి వెళ్లి చెప్తా. దూరం బడులకి ఎప్పుడు తీరితే అప్పుడు. సెంటర్ పక్కన ప్రైమరీ స్కూల్ ఉండటం మీకు కలిసొచ్చే విషయం.

ఒత్తు వదిలేసే పిల్లలతో నేనేం చేస్తానంటే, అట్టముక్కకి మధ్యలో చిన్న కిటికీ కత్తిరిస్తా. ఆ కిటికీలో ఒక్క అక్షరమే కనబడుతుంది. అక్షరం నల్లగా, ఒత్తు ఎర్రగా రాస్తా. ముందు నల్లదాన్ని పలకాలి, తర్వాత వేలు కిందికి జరిపి ఎర్రదాన్ని చూపించాలి, అప్పుడు కలిపి పలకాలి. తెలుగులో కన్ను కుడికి మాత్రమే పోతే చాలదు, కిందికీ దిగాలి, పైనున్న తలకట్టు, గుడి చూడాలి. ఈ పిల్లలకి అక్కడే చిక్కు పడుతుంది. ‘కిటికీ’ అనే మాటలో మూడు అక్షరాలూ చదివి, చివరి దీర్ఘం దగ్గర ఆగిపోయే పిల్లలు నా దగ్గర ఎందరో. ఎర్ర రంగు నెమ్మదిగా తగ్గిస్తా. చివరికి అంతా నలుపే.

ఇంగ్లిష్ మీడియంలో వేసి అటు ఇంగ్లిషూ ఇటు తెలుగూ ఒకేసారి నేర్పితే వీళ్లకి రెండింతల భారం. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం కుదిరాక రెండోది సులువు. ఇది నా మాటగా తీసుకోండి.

సర్టిఫికెట్ గురించి డాక్టర్ గారు చెప్పింది సరే. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ ఇబ్బందికి ధ్రువీకరణ ఎనిమిదేళ్లకి మొదలు, మళ్లీ 14కి, 18కి చూడాలని ఉండేది. సాయం మాత్రం సర్టిఫికెట్ కోసం ఆగక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ‘ప్రశస్త్’ అనే ప్రశ్నావళి ఉంది, క్లాస్ టీచరే నింపొచ్చు. అది రోగనిర్ధారణ కాదు, ఏ వైపు చూడాలో చెప్తుంది. తర్వాత వివరంగా పరీక్ష కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి వెళ్లినా మంచిదే, కేంద్ర ప్రభుత్వ సంస్థ.

పంతులు_వరంగల్

మేడమ్, మీ వాళ్ల సంగతీ చెప్పండి. ఒక్కరే ఎన్ని బడులు తిరుగుతారు?

రిసోర్స్_మేడమ్

సర్, చెప్తే ఫిర్యాదులా ఉంటుందని ఊరుకున్నా. సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకి ఒకరు, పై స్థాయిలో 15 మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలంది. 2025 మార్చిలో మళ్లీ గట్టిగా అడిగి, పోస్టులు నోటిఫై చేయమని రాష్ట్రాలకి గడువు పెట్టింది. నేను చూసుకునేది మండలమంతా. మాది ఒప్పంద కొలువు, సమగ్ర శిక్ష పథకం కింద. 2024 డిసెంబర్‌లో సమ్మెకి దిగినప్పుడు నెల దగ్గర దగ్గరగా సెంటర్ తలుపు తీయలేదు. పిల్లల అమ్మలు వచ్చి టెంట్ దగ్గర కూర్చున్నారు, తిట్టడానికి కాదు.

పంతులు_వరంగల్

తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్‌జీటీలు 796 ఇచ్చారు. మొత్తం వెయ్యి పైచిలుకు. లేనిదానికన్నా నయం. కొత్తగా వచ్చినవాళ్లని ఏ బడిలో పెట్టారు, వాళ్లతో ఏం పని చేయిస్తున్నారు అన్నదాని మీదే అంతా ఉంది. స్పెషల్ టీచర్ వచ్చాడు కదా అని మామూలు క్లాసు ఆయన నెత్తిన పెడితే మళ్లీ మొదటికే.

కార్డిఫ్_తెలుగు

వేల్స్‌లో ఉంటాం. ఇక్కడ మా చిన్నోడు మామూలు ప్రైమరీలోనే స్పెషలిస్ట్ రిసోర్స్ బేస్‌లో ఉన్నాడు. ఒకే గేటు, ఒకే యూనిఫాం. పొద్దున బేస్‌లో, ఆటలు, సంగీతం, సైన్స్ మామూలు క్లాసుతో. ఇక్కడ 2018లో అదనపు అభ్యసన అవసరాల చట్టం వచ్చింది, పుట్టినప్పట్నుంచి 25 ఏళ్ల వరకు. అలాంటి అవసరాలున్న ప్రతి బిడ్డకీ ఐడీపీ అని ఒక ప్రణాళిక. బడి తయారుచేస్తే 35 బడి రోజుల్లో ఇవ్వాలి, ఏడాదికోసారి తిరిగి చూడాలి. నచ్చకపోతే ట్రిబ్యునల్ ఉంది.

అంతా స్వర్గం కాదు. బేస్‌లో సీటు దొరకడమే గగనం, మేం ఇల్లు మారాం. అయినా ఆ కాగితంలో ‘ప్రోత్సాహం ఇస్తాం’ లాంటి మాటలు ఒప్పుకోరు. ఎవరు, వారంలో ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది రాయాలి. సుధ గారూ, అక్కడి బడి ఏదైనా సరే, ఇలాంటి కాగితం ఒకటి రాయించుకోండి.

శీను_మిర్యాలగూడ

అన్నా, ఇక్కడ అన్నం వండే ఆయమ్మ రాకపోతే సార్ వంట దగ్గర నిలబడతాడు. ఐడీపీ ఎవరు రాస్తారు?

రిసోర్స్_మేడమ్

శీను గారూ, మేం రాస్తాం. ఐఈపీ అంటాం, ఒక్కో బిడ్డకి ఒకటి. మీరన్నదీ నిజమే, చాలాచోట్ల అది ఫైల్లోనే ఉంటుంది, క్లాస్ టీచర్ చూసి ఉండరు. అమ్మ అడిగితే మాత్రం బయటికి వస్తుంది. అడిగే అమ్మలు తక్కువ. మీ పెద్దబాబు విషయంలో మీరు చేసింది తప్పని నేననను. 2016 వికలాంగుల చట్టం 31వ సెక్షన్ కూడా 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడి అయినా, స్పెషల్ స్కూల్ అయినా ఎంచుకునే హక్కు ఇచ్చింది. సుధ గారి బాబు పరిస్థితి వేరు.

శీను_మిర్యాలగూడ

అదైతే ఒప్పుకుంటా మేడమ్. కథ తిరిగి చెప్పే పిల్లాడంటున్నారు. మావాడితో పోల్చకూడదు.

నిర్వాహకుడు

చర్చ బాగా నడుస్తోంది. ఇద్దరు సభ్యులు బడి పేర్లు రాస్తే తీసేశాం. ఇక్కడ పేర్లు వద్దు.

ఖమ్మం_సుధ

అందరికీ చాలా థాంక్స్. ప్రిన్సిపల్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు కానీ, నిన్న క్లాస్ టీచర్ తనే ఫోన్ చేసి “బోర్డు మీదది కాపీ చేయించను మేడమ్, ప్రింట్ ఇస్తాను” అన్నారు. ఆ అమ్మాయి మంచిదే, పైవాళ్ల భయం.

రిసోర్స్ మేడమ్ గారూ, ప్రైవేటు బడిలో ఉండగా భవితకి తీసుకెళ్తే చూస్తారా? ఏ కాగితాలు తీసుకెళ్లాలి?

రిసోర్స్_మేడమ్

రికార్డులో సర్కారు బడి పిల్లలే ఉంటారమ్మా. నేనైతే వచ్చిన బిడ్డని ఒకసారి చూడకుండా పంపను, మీ మండలంలో మేడమ్ కూడా అలాగే ఉంటారనుకుంటా. ముందే ఫోన్ చేసి వెళ్లండి, ఫిజియో వచ్చే రోజు కాకుండా, ఆ రోజు ఊపిరాడదు.

ప్రోగ్రెస్ రిపోర్ట్ అక్కర్లేదు. రఫ్ నోట్సు తీసుకెళ్లండి, టీచర్ దిద్దనివి. వాడు తనంతట తాను రాసినప్పుడు ఏం తప్పు పోతోందో అందులోనే కనిపిస్తుంది. వెళ్లేముందు కళ్లు, చెవులు చూపించారా? జలుబు చేసి చెవిలో నీరు నిలిచిన పిల్లలు కూడా ఒత్తులు సరిగా వినక ‘అమ’ అనే అంటారు. పెద్ద పరీక్షలకన్నా ముందు అవి రెండూ అవ్వాలి.

ఖమ్మం_సుధ

చెవులు చూపించలేదు మేడమ్. ఈ సోమవారమే వెళ్తాం. బడి మార్పు సంగతి జూన్ దాకా ఆగి చూస్తాం.

పంతులు_వరంగల్

జూన్ దాకా ఆగండి కానీ, ఈలోపు ఆ ప్రైమరీ స్కూల్‌కి ఒక పూట వెళ్లి వెనక కూర్చోండి. హెచ్ఎంని అడిగితే కాదనరు. రెండో తరగతి టీచర్ వెనకబడ్డ పిల్లలతో ఎలా మాట్లాడుతుందో వినండి. భవిత బోర్డు కన్నా అదే ముఖ్యం. అత్తయ్య గారిని కూడా వెంట తీసుకెళ్లండి.

కర్నూలు_లక్ష్మి (కొత్త సభ్యురాలు)

నమస్తే అండీ. మా పాప మూడో తరగతి, వినికిడి యంత్రం పెట్టుకుంటుంది. మా దగ్గర 2025లో స్పెషల్ టీచర్ పోస్టులు 2,260 మంజూరయ్యాయి అన్నారు, మా బడికి వస్తారో రారో ఎవర్ని అడగాలి? క్లాసులో ఫ్యాన్ మోతకి పాపకి ఏమీ వినపడట్లేదట.

నిర్వాహకుడు

లక్ష్మి గారూ, ఇది వేరే విషయం, మరుగున పడిపోతుంది. ‘వినికిడి’ విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఈలోపు పాపని ఫ్యాన్‌కి దూరంగా, టీచర్ ముఖం కనిపించేలా ముందు బెంచీలో కూర్చోబెట్టమని రేపే అడగండి.